వాగ్దాన కార్డు మీద ప్రవక్త వచనం వచ్చిందా? ముందూ వెనకా కలిపి ఇలా చదవండి

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి ఒక్కొక్కరికీ ఒక బైబిలు వచనం చొప్పున పంచే వాగ్దాన కార్డుల మీద కీర్తనలతో పాటు తరచుగా కనబడేవి ప్రవక్తల మాటలే. “నేను నిన్ను విమోచించియున్నాను భయపడకుము” అని యెషయా 43 వస్తుంది. “లెమ్ము, తేజరిల్లుము” అని యెషయా 60 వస్తుంది. అందరికీ నోటికి వచ్చినది మాత్రం యిర్మీయా 29:11: “రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.” క్యాలెండర్ మీద, శుభలేఖ మీద, వాట్సాప్ స్టేటస్‌లో అదే.

వచనం మంచిదే. చిక్కల్లా దాని పైనా కిందా ఏముందో చూడకుండా ఏడాది గడిపేయడంలో ఉంది. ప్రవక్త ఆ మాట ఎవరికి చెప్పాడో, వాళ్లు ఏ గొడవలో ఉన్నారో తెలియకపోతే ఆయన మన జాతకం చెప్పేవాడిగా మిగిలిపోతాడు. బైబిల్లో ప్రవక్త పని అది కాదు. ఎవరితో మాట్లాడాడో వాళ్ల పక్కన ముందు కాసేపు కూర్చోండి. ఆ తర్వాతే ఆ మాట మనదాకా తిన్నగా వస్తుంది.

ఉదాహరణకు ఆ యిర్మీయా 29:11నే తీసుకుందాం. పద్ధతి పట్టుబడితే ఏ కార్డు వచ్చినా పనికొస్తుంది. ఒక సాయంత్రం కేటాయించండి. పాత అనువాదం బైబిలు, దాని పక్కన వాడుక భాషలో ఉన్న అనువాదం ఒకటి (ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి), ఒక నోట్‌బుక్, పెన్సిలు ఉంటే చాలు. వ్యాఖ్యాన గ్రంథాలు, యూట్యూబ్ ప్రసంగాలు ఈ సాయంత్రానికి పక్కన పెట్టండి. మొదటే వాటి దగ్గరికి వెళితే మీరు చదవడం ఆపేసి వాళ్లు చదివింది వింటారు.

మొదటి మెట్టు: కార్డు పక్కన పెట్టి అధ్యాయం మొత్తం పైకి చదవండి

పైకి అంటే గొంతెత్తి, ఇంట్లో వాళ్లకు వినబడేలా. ప్రవక్తల మాటలు ముందు నోటితో పలికినవి, చెవితో విన్నవి. కళ్లతో చదివితే జారిపోయేవి నోటితో చదివితే తగులుతాయి. యిర్మీయా 29లో 32 వచనాలున్నాయి. పది నిమిషాలు కూడా పట్టదు.

చదవగానే ఒక సంగతి తెలుస్తుంది. ఇది ప్రసంగం కాదు, ఉత్తరం. యెరూషలేములో ఉన్న యిర్మీయా బబులోనులో చెరలో ఉన్న తనవాళ్లకు రాశాడు. యూదా రాజు సిద్కియా తన పని మీద బబులోను రాజు నెబుకద్నెజరు దగ్గరికి పంపిన ఇద్దరు మనుషుల చేతికి ఇచ్చి పంపాడు. దారి చిన్నది కాదు. తర్వాతి కాలంలో యాజకుడు ఎజ్రా అదే దారిన బబులోను నుంచి యెరూషలేముకు వచ్చినప్పుడు నాలుగు నెలలు పట్టిందని ఎజ్రా 7:9 లెక్క చెబుతుంది. అంటే ఊరి కబురు కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్ల చేతిలో పడ్డ ఉత్తరం ఇది.

రెండో మెట్టు: నాలుగు ప్రశ్నలు రాసుకోండి

ఎవరు చెబుతున్నారు? ఎవరికి? ఎప్పుడు? ఎందుకు? ఒక్కో ప్రశ్నకు ఒక్కో వరుస. జవాబు అధ్యాయంలోనే వెతకాలి. దొరక్కపోతే బైబిలు అంచులో ఉన్న రిఫరెన్సులు పట్టుకుని 2 రాజులు, 2 దినవృత్తాంతములు చూడాలి. ప్రవక్తల పుస్తకాలు చదివేటప్పుడు రాజుల పుస్తకం ఎప్పుడూ పక్కన తెరిచి ఉండాలి.

మన ఉత్తరానికి జవాబులు ఇలా వస్తాయి. చెప్పినవాడు యిర్మీయా. యెరూషలేముకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని అనాతోతు ఊరి యాజకుల కుటుంబం వాడు. యూదా రాజు యోషీయా పదమూడో ఏట, సుమారు క్రీ.పూ. 627లో ప్రవక్తగా పిలుపు అందుకున్నాడు. ఉత్తరం అందుకున్నవాళ్లు క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు పట్టుకుపోయినవాళ్లు: పద్దెనిమిదేళ్ల రాజు యెహోయాకీను, అతని తల్లి, అధికారులు, చేతిపనివాళ్లు, కంసాలులు. సంఖ్య 2 రాజులు 24లో ఒకటి, యిర్మీయా 52:28లో ఒకటి (అక్కడ 3,023) కనబడుతుంది. పని తెలిసినవాళ్లను ఏరి మరీ తీసుకెళ్లారన్నది మాత్రం స్పష్టం. ఇది బైబిలు ఒక్కటే చెప్పే మాట కాదు. నెబుకద్నెజరు తన ఏడో ఏట యూదా పట్టణాన్ని (అంటే యెరూషలేమును) పట్టుకుని, రాజును బందీ చేసి, తనకు నచ్చిన మరో రాజును కూర్చోబెట్టాడని బబులోను వాళ్ల వృత్తాంత పలక చెబుతుంది. బందీ అయిన యెహోయాకీనుకు, అతని కొడుకులకు ఇచ్చిన నూనె లెక్క రాసిన మట్టి పలకలు కూడా బబులోను తవ్వకాల్లో దొరికాయి. ఉత్తరం రెండో వచనంలో పేరున్న మనిషికి ఎంత నూనె పోశారో చూడగలగడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఇప్పుడు 5వ వచనం నుంచి చదవండి. ఇళ్లు కట్టుకోండి, కాపురం ఉండండి. తోటలు నాటండి, పండినవి తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, మీ పిల్లలకూ చేయండి. మిమ్మల్ని చెరపట్టుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది. ఆ తర్వాత పదో వచనం: బబులోనుకు డెబ్బై ఏళ్లు నిండాకే మిమ్మల్ని తిరిగి తీసుకొస్తాను.

పదకొండో వచనం దాని వెంటనే వస్తుంది. పదో వచనాన్ని దాటి ఎవరూ పదకొండుకు వెళ్లలేరు. కార్డు మాత్రం దాటించేస్తుంది.

ఒక చిన్న లెక్క వేయండి. 597లో చెరకు వెళ్లిన పాతికేళ్ల యువకుడు, క్రీ.పూ. 538లో పారసీక రాజు కోరెషు తిరిగి వెళ్లడానికి అనుమతి ఇచ్చేనాటికి బతికి ఉంటే 84 ఏళ్లవాడు. ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది బబులోను మట్టిలోనే కలిసిపోయారు. “నిరీక్షణ” అన్న మాట వాళ్లు తమ కోసం ఎంత విన్నారో తమ మనవల కోసమూ అంత విన్నారు.

ఇళ్లు కట్టుకున్నారా? కట్టుకున్నారు. బబులోను పల్లెల్లో స్థిరపడ్డ యూదుల ఒప్పందాలు, పన్ను రసీదులు రాసిన పలకలు చాలా బయటపడ్డాయి. వాటిలో పాతది క్రీ.పూ. 572 నాటిది. ఒక ఊరి పేరే యూదా పట్టణం. ఖర్జూరం, బార్లీ లెక్కలతో సహా వాళ్ల సంసారం ఆ పలకల మీద కనబడుతుంది.

మూడో మెట్టు: ఒకటి రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్లి, ప్రవక్తకు ఎదురు చెప్పినవాణ్ణి పట్టుకోండి

అందరూ వదిలేసే మెట్టు ఇదే. నా లెక్కలో అన్నిటికంటే విలువైనదీ ఇదే. ప్రవక్త ఎప్పుడూ ఖాళీ గదిలో మాట్లాడలేదు. ఆయన మాటకు ఎదురు మాట ఒకటి అప్పటికే ఊళ్లో తిరుగుతూ ఉంటుంది. అది ఏమిటో తెలిస్తే ప్రవక్త మాట ఎంత పదునుగా ఉందో తెలుస్తుంది.

యిర్మీయా 27లో ఎదోము, మోయాబు, అమ్మోను, తూరు, సీదోను రాజుల దూతలు యెరూషలేముకు వచ్చి ఉంటారు. బబులోను మీద తిరగబడాలని మంతనాలు. ఆ సమయంలో యిర్మీయా మెడకు కాడి తగిలించుకుని వీధిలోకి వస్తాడు. బబులోను కాడి కింద మెడ పెట్టి బతకండి, లేకపోతే నాశనమవుతారు అంటాడు. దేశభక్తి ఉప్పొంగుతున్న రోజుల్లో ఈ మాట ఎలా వినబడి ఉంటుందో చెప్పనక్కర్లేదు. తర్వాత ఆయన మీద శత్రువు పక్షంలో చేరుతున్నాడన్న నింద కూడా పడింది (37:13).

28లో హనన్యా వస్తాడు. గిబియోను ఊరి ప్రవక్త. సిద్కియా నాలుగో ఏట ఐదో నెలలో, దేవాలయంలో, యాజకులూ ప్రజలూ చూస్తుండగా మాట్లాడతాడు. “ఇశ్రాయేలు దేవుడు సెలవిచ్చేదేమంటే” అని యిర్మీయా ఎలా మొదలుపెడతాడో అచ్చం అలాగే మొదలుపెడతాడు. రెండేళ్లలో దేవాలయపు సామాను తిరిగి వస్తుంది, రాజు తిరిగి వస్తాడు, చెరపోయిన వాళ్లందరూ వస్తారు. వినడానికి ఎంత బాగుంది! ఆ రోజు ఆ గుడిలో కార్డులు పంచి ఉంటే అందరూ హనన్యా మాటే కోరుకునేవారు.

యిర్మీయా జవాబు చూడండి. మొదట “ఆమేన్” అంటాడు. దేవుడు అలాగే చేయుగాక అంటాడు. ఆయనకు మాత్రం తన వాళ్లు ఇంటికి రావాలని ఉండదా? ఆ తర్వాత ఒక్క మాట గుర్తు చేస్తాడు. క్షేమం కలుగుతుందని చెప్పే ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతణ్ణి దేవుడు పంపాడని తేలుతుంది. అప్పుడు హనన్యా యిర్మీయా మెడ మీది కాడిని తీసి విరిచేస్తాడు. యిర్మీయా వాదించడు, తన దారిన వెళ్లిపోతాడు. దేవుని దగ్గర నుంచి మాట వచ్చాకే తిరిగి వచ్చి చెబుతాడు: నువ్వు కొయ్య కాడి విరిచావు, దాని బదులు ఇనుప కాడి వస్తుంది. రెండేళ్లు అన్నవాడు రెండు నెలలకు, ఏడో నెలలో, చనిపోయాడు.

బబులోనులో కూడా ఇలాంటి ప్రవక్తలే తయారయ్యారని 29వ అధ్యాయం చెబుతుంది. “వచ్చేస్తున్నాం, సామాను విప్పకండి” అనే రకం. ఇళ్లు కట్టుకోండి అన్న ఆజ్ఞ వాళ్లకు జవాబు. ఇది తెలిశాక 11వ వచనం మళ్లీ చదవండి. తొందరలోనే అంతా సర్దుకుంటుందన్న మాటకు అది ఎదురుగా నిలబడి ఉంది. తొందరగా సర్దుకోదు, అయినా దేవుడు మిమ్మల్ని వదల్లేదు అంటోంది.

ఏ కార్డుకైనా ఈ ప్రశ్న వేయండి: ఈ మాట వినగానే ఆ రోజుల్లో ఎవరికి కోపం వచ్చి ఉంటుంది? ఆమోసుకు బేతేలు యాజకుడు అమజ్యా దొరుకుతాడు (7:10–17). మీకాయాకు నాలుగు వందల మంది ఆస్థాన ప్రవక్తలు దొరుకుతారు (1 రాజులు 22). నాతాను ఎదుట సాక్షాత్తు దావీదే ఉంటాడు (2 సమూయేలు 12).

నాలుగో మెట్టు: మార్జిన్‌లో రాజు పేరు, సంవత్సరం వేసుకోండి

యిర్మీయా పుస్తకం కాలక్రమంలో లేదు. 29లో సిద్కియా ఉంటాడు, 32లో కూడా ఉంటాడు, 35, 36 అధ్యాయాలకు వచ్చేసరికి అంతకు ముందెప్పుడో ఏలిన యెహోయాకీము తిరిగి ప్రత్యక్షమవుతాడు. వరుసగా చదువుకుంటూ పోతే తల తిరుగుతుంది. అందుకే యూదా రాజుల ఈ చిన్న పట్టీ పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి:

యోషీయా: క్రీ.పూ. 640–609
యెహోయాహాజు: 609, మూడు నెలలు
యెహోయాకీము: 609–598
యెహోయాకీను: 598–597, మూడు నెలలు
సిద్కియా: 597–586

యెహోయాకీము, యెహోయాకీను. తండ్రీ కొడుకులు. చివరి అక్షరం ఒక్కటే తేడా, మనవాళ్లలో చాలామంది ఇక్కడే తప్పు పట్టాలెక్కుతారు. చలికాలపు ఇంట్లో కుంపటి ముందు కూర్చుని, యిర్మీయా గ్రంథపు చుట్టను చాకుతో కోసి నిప్పుల్లో వేసినవాడు తండ్రి, యెహోయాకీము (36వ అధ్యాయం). చెరకు వెళ్లినవాడు కొడుకు. ఆ కొడుకుకే యెకొన్యా అని, కొన్యా అని కూడా పేర్లున్నాయి. మొదటిసారి కనబడినప్పుడే పెన్సిలుతో కలిపి రాసుకోండి.

మిగతా ప్రవక్తలకు మూడు తేదీలు గుర్తుంటే పని సగం అయిపోయినట్టే. క్రీ.పూ. 722లో ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని షోమ్రోను అష్షూరు చేతిలో పడింది. 586లో యెరూషలేము బబులోను చేతిలో పడింది. 538లో తిరిగి రావడానికి అనుమతి వచ్చింది. ఆమోసు, హోషేయ మొదటిదానికి ముందువాళ్లు. యెషయా, మీకా అది జరిగిన కాలంవాళ్లు. యిర్మీయా, హబక్కూకు, యెహెజ్కేలు రెండోదాని చుట్టూ. హగ్గయి, జెకర్యా, మలాకీ మూడోదాని తర్వాత. యెషయా 40 నుంచి ఉన్న భాగం ఎవరు రాశారన్న దాని మీద పండితుల్లో వాదం ఉంది. ముందుగానే యెషయాయే చెప్పాడని కొందరు, చెరకాలపు ప్రవక్త మాట అని కొందరు. ఎటు నమ్మినా ఆ ఓదార్పు చెరలో ఉన్నవాళ్లకే కాబట్టి చదివే పద్ధతి మారదు.

ఐదో మెట్టు: ఇది ఏ రకం మాటో తేల్చుకోండి

ప్రవక్త అంటే జరగబోయేది చెప్పేవాడు అనుకుంటాం. చెప్పారు, కాదనను. కానీ వాళ్ల పుస్తకాలు తిప్పితే ఎక్కువ పేజీలు అప్పటికప్పుడు జరుగుతున్న దాని మీదే ఉంటాయి. ఆమోసు 8:5–6 తెరవండి. విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతుందా, కొట్టు ఎప్పుడు తెరుద్దామా అని చూసే వ్యాపారులు. కొలత కుంచం చిన్నది చేస్తారు, రూకల తూకం రాయి పెద్దది చేస్తారు, చచ్చు ధాన్యం అమ్ముతారు, ఒక జత చెప్పుల కోసం బీదవాణ్ణి కొంటారు. యెషయా 5:8లో ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుంటూ పోయేవాళ్లు కనబడతారు. ఈ వచనాలు కార్డుల మీద రావడం నేనైతే చూడలేదు. వస్తే ఎవరు తీసుకుంటారు?

కాబట్టి పెన్సిలుతో పక్కన ఒక గుర్తు పెట్టండి. నేరం మోపుతున్నాడా, హెచ్చరిస్తున్నాడా, ఓదారుస్తున్నాడా, చేసి చూపిస్తున్నాడా (కాడి, పగలగొట్టిన మట్టి కూజా, ముట్టడి మధ్యలో పదిహేడు తులాల వెండికి కొన్న పొలం), రాబోయేది చెబుతున్నాడా.

రాబోయేది చెబుతున్నప్పుడు ఇంకో పని ఉంది. దాని వెనక “మీరు మారితే”, “మీరు మారకపోతే” అన్నది ఉందా చూడాలి. పైకి కనబడకపోయినా చాలాచోట్ల ఉంటుంది. యిర్మీయా 18:7–10లో దేవుడే ఆ సూత్రం చెబుతాడు. నాశనం అని చెప్పిన జనం మనసు మార్చుకుంటే నేనూ ఆగుతాను, మేలు అని చెప్పిన జనం చెడితే ఆ మేలు చేయను. నీనెవె నలభై రోజుల్లో కూలుతుందని యోనా చెప్పాడు, కూలలేదు. సీయోను చేనిలా దున్నబడుతుందని మీకా చెప్పాడు. రాజు హిజ్కియా భయపడి ప్రార్థించాడు, ఆ తరంలో అది జరగలేదు. వంద ఏళ్ల తర్వాత యిర్మీయాను చంపబోతుంటే ఊరి పెద్దలు ఆ సంగతే ఎత్తి చెప్పి ఆయన ప్రాణం కాపాడారు (26:17–19). ఒక ప్రవక్త మాట ఇంకో ప్రవక్తను బతికించింది.

ఆరో మెట్టు: యేసు దగ్గరికి దారిన వెళ్లండి, గోడ దూకి వెళ్లొద్దు

క్రైస్తవ విశ్వాసంలో ప్రవక్తల చోటు ఇక్కడే తెలుస్తుంది. పూర్వం ప్రవక్తల ద్వారా మాట్లాడిన దేవుడు ఈ చివరి రోజుల్లో కుమారుని ద్వారా మాట్లాడాడని హెబ్రీ పత్రిక మొదటి మాటలోనే చెబుతుంది. ఎమ్మాయు దారిలో యేసు మోషే మొదలుకుని ప్రవక్తలందరిలోంచి తన సంగతులు వివరించాడని లూకా 24 చెబుతుంది. సరే, ఎలా వివరించాలి? ప్రతి వచనంలో యేసు పేరు ఇరికించడం కాదు.

అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో యెషయా 53 పైకి చదువుకుంటూ ఉంటాడు. దగ్గరికి వచ్చిన సువార్తికుడు ఫిలిప్పును ఒక ప్రశ్న అడుగుతాడు: ప్రవక్త ఇది ఎవరి గురించి చెబుతున్నాడు, తన గురించా, వేరొకరి గురించా? చక్కటి ప్రశ్న. ఫిలిప్పు కూడా ఆ లేఖనం దగ్గరే మొదలుపెట్టి యేసు దగ్గరికి వెళ్తాడు.

మీరు చేయవలసింది ఇది. కొత్త నిబంధనలో ఎక్కడైనా “ప్రవక్తద్వారా పలుకబడిన మాట” అని వస్తే ఆగండి. అంచులో ఉన్న రిఫరెన్సు చూసి వెనక్కి వెళ్లి అక్కడ పై ఐదు వచనాలు, కింద ఐదు వచనాలు చదవండి. ఒకటి చేసి చూద్దాం. మత్తయి 2:15 “ఐగుప్తులోనుండి నా కుమారుని పిలిచితిని” అంటుంది. హోషేయ 11:1కి వెళితే అక్కడ కుమారుడు ఇశ్రాయేలు జనం, సంగతి ఎప్పుడో జరిగిపోయిన నిర్గమం. తర్వాతి వచనంలోనే ఆ కుమారుడు బయలు దేవతల వెంట పోయాడని ఉంటుంది. మత్తయికి ఇది తెలియక కాదు. ఆ కుమారుడు ఎక్కడ తప్పిపోయాడో అదే దారిన ఈ కుమారుడు నడిచి తప్పిపోలేదని చూపించబోతున్నాడు. నాలుగో అధ్యాయంలో అరణ్యం, శోధన అందుకే వస్తాయి. హోషేయ విన్నవాళ్లను వదిలేస్తే ఈ లోతు అందదు.

అలాగని ప్రతి వచనానికీ ఇలాంటి దారి ఉండాలని లేదు. యిర్మీయా 29:11ను కొత్త నిబంధన ఎక్కడా ఎత్తి చెప్పలేదు. దానికి రెండు అధ్యాయాల తర్వాత ఉన్న 31:31–34ను మాత్రం హెబ్రీ పత్రిక 8లో మొత్తంగా ఎత్తి రాశారు. దేవుడు తన ధర్మశాస్త్రాన్ని హృదయం మీద రాస్తాను, పాపాలు ఇక జ్ఞాపకం చేసుకోను అన్న మాట అది. ప్రభు బల్ల దగ్గర వినే “నా రక్తము వలననైన క్రొత్త నిబంధన” అన్న మాట వెనక ఉన్నది యిర్మీయానే. ఉత్తరంలోని నిరీక్షణ ఎక్కడ దాకా వెళ్లిందని ఎవరైనా అడిగితే నేను చూపించే దారి ఇది: 29 నుంచి 31కి, 31 నుంచి ఆ బల్ల దగ్గరికి.

ఇంకో మాట. ఎక్కడ యుద్ధం వచ్చినా యెహెజ్కేలు 38 తెరిచి, అందులో ఉన్న పాత పేర్లకు ఈ దేశం అదే, ఆ దేశం ఇదే అని పటాలు గీసే అలవాటు ఒకటి ఉంది. వింటుంటే టెన్షన్ పెరగడమే తప్ప ఒరిగేది ఏమీ లేదు. అక్కడికి వెళ్లే ముందు ఆ ప్రవక్త మాటలు విన్న మొదటివాళ్ల దగ్గరికి వెళ్లండి.

ఏడో మెట్టు: ఇప్పుడు మీ దగ్గరికి తెచ్చుకోండి

కార్డు చింపేయమని నేను చెప్పడం లేదు. దేవుని స్వభావం మారదన్నది క్రైస్తవ నమ్మకం. చెరలో ఉన్నవాళ్లను మరవని దేవుడు మిమ్మల్నీ మరవడు. ఆ అర్థంలో వచనం మీదే. కానీ వచనంతో పాటు ఉత్తరాన్ని కూడా ఇంటికి తెచ్చుకోండి.

నోట్‌బుక్‌లో మూడు వాక్యాలు రాయండి. ఆ రోజు విన్నవాళ్లకు ఇది ఏం చెప్పింది? దేవుని గురించి ఏం తెలిసింది? దీని ప్రకారం ఈ వారం నేను చేయవలసిన పని ఏమిటి? మూడోది కచ్చితంగా పని అయి ఉండాలి. “దేవునిలో ఆనందించాలి” లాంటివి రాసి తప్పించుకోవద్దు. గల్ఫ్‌లోనో, అమెరికాలోనో, హైదరాబాదులోనో ఉంటూ “ఇక్కడ ఎన్నాళ్లులే” అని పదేళ్లుగా అనుకుంటున్నవాళ్లకు ఈ ఉత్తరం ఇచ్చే పని 7వ వచనంలో తయారుగా ఉంది: మీరున్న ఊరి పేరు పెట్టి దాని క్షేమం కోసం ప్రార్థించడం, పక్కింటివాళ్ల పేర్లు కనుక్కోవడం, వీధిలో నీళ్లు రాకపోతే నలుగురితో కలిసి అడగడం. వీసా వస్తుందన్న హామీ మాత్రం అందులో లేదు.

ఎనిమిదో మెట్టు: ఎవరైనా మీ మీద చెయ్యి పెట్టి ప్రవచనం చెబితే

ఈ కాలంలో ప్రవచన వరం ఉందా లేదా అన్న దాంట్లో సంఘాల మధ్య తేడాలున్నాయి. ఆ తగాదా ఇక్కడ తీర్చను. కానీ ఉందని నమ్మే సంఘాలకు కూడా పౌలు పరీక్ష పెట్టమనే చెప్పాడు. ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడాలి, మిగతావాళ్లు వివేచించాలి (1 కొరింథీ 14:29). ప్రవచించడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, అన్నిటినీ పరీక్షించండి (1 థెస్స 5:20–21). అడిగితే అవిశ్వాసం అనే వాళ్లకు ఈ రెండు వచనాలు చూపించవచ్చు.

పరీక్ష ఎలాగో పాత నిబంధనే నేర్పుతుంది. చెప్పింది జరగకపోతే అది దేవుని మాట కాదు (ద్వితీయోపదేశ 18:22). జరిగినా సరే, దేవుని నుంచి పక్కకు లాగితే వినొద్దు (ద్వితీయోపదేశ 13:1–3). అందుకే రాసిపెట్టుకోండి: ఎవరు, ఏ తేదీన, ఏ మాటలతో చెప్పారు. రాయకపోతే ఆర్నెల్లకు మాట మారిపోతుంది, జరిగిన దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. డబ్బు ప్రస్తావన వస్తే మీకా 3:11 తెరవండి. అక్కడ ద్రవ్యం కోసం సోదె చెప్పే ప్రవక్తలు ఉంటారు. కుష్ఠం బాగైన నయమాను ఇచ్చిన కానుక ప్రవక్త ఎలీషా ముట్టలేదు. వెనకాల పరుగెత్తి తెచ్చుకున్న ఎలీషా పనివాడు గేహజీకి ఏమైందో 2 రాజులు 5 చెబుతుంది. పెళ్లి సంబంధం, ఉద్యోగం మానేయడం, ఆపరేషన్ వాయిదా వేయడం, మందులు ఆపేయడం లాంటి వాటి మీద ఎవరైనా “ప్రభువు చెప్పాడు” అంటే, ఆ మాట ఒక్కదాని మీదే నిర్ణయం తీసుకోవద్దు. ఇంట్లో పెద్దవాళ్లతో, డాక్టరుతో, మీ ముఖం మీద నిజం చెప్పగలిగిన మనిషితో మాట్లాడండి. నిజమైన మాట అయితే అంతలో ఎక్కడికీ పోదు. హనన్యా కాడి విరిచినప్పుడు యిర్మీయా కూడా అక్కడికక్కడే జవాబు చెప్పలేదు కదా.

తర్వాత ఏం చదవాలి

ముందు యోనా, ఒక్క కూర్చోటంలో అయిపోతుంది. తర్వాత హగ్గయి. రెండే అధ్యాయాలు, 38 వచనాలు, తేదీలన్నీ పుస్తకంలోనే వేసి ఉంటాయి (అన్నీ క్రీ.పూ. 520వి) కాబట్టి నాలుగు ప్రశ్నల అభ్యాసానికి బాగుంటుంది. ఆ తర్వాత ఆమోసు, రోజుకో అధ్యాయం. అప్పుడు యిర్మీయా 26 నుంచి 29 దాకా, వెంటనే 36 నుంచి 39 దాకా. కథలాగా నడుస్తాయి, కవిత్వం భాగాలు తర్వాత చూసుకోవచ్చు.

యెహెజ్కేలును చివరికి ఉంచుకోండి. ఆయన కూడా 597లో వెళ్లినవాడే, ఆ ఉత్తరం చేరిన జనం మధ్య, బబులోను దేశపు కెబారు నది దగ్గర ఉన్నవాడే. మొదటి అధ్యాయం దర్శనంలోని చక్రాలు చూసి చాలామంది పుస్తకం మూసేస్తారు. మీరు 8:1, 14:1, 20:1, 33:30–33 ముందు చదవండి. పెద్దలు ఆయన ఇంటికి వచ్చి ఎదుట కూర్చుంటారు, గుమ్మాల దగ్గర జనం ఆయన గురించే చెప్పుకుంటారు, మంచి పాటగాడి పాట విన్నట్టు విని లేచి వెళ్లిపోతారు. ఆ ఇల్లూ ఆ మనుషులూ పరిచయమయ్యాక ఒకటో అధ్యాయానికి వెళితే చక్రాలు అంత భయపెట్టవు.